వినేవాడి ఎత్తుకు లిమిట్ లేదు

కిందటి నెల మా పాలకొల్లు ఇంట్లో ఇంటర్నెట్ పెట్టించాం. డబ్బా బిగించడానికి వచ్చినతను హాలంతా తిరిగి చూసి, "ఎక్కడ పెట్టమంటారు మేడమ్?" అన్నాడు. బీరువా మీద పెట్టమన్నాను. పెట్టాడు. "నేల నుంచి ఎంత ఎత్తు వచ్చింది?" అని అడిగాను. అతను నా వంక అదోలా చూశాడు. మావారు పేపరు దించి చూశారు. నాకే నవ్వొచ్చింది. ఆ ప్రశ్న నాది కాదు. ఖతర్‌లో నర్సుగా ఉన్న రోజుల్లో ఒక మనిషి దగ్గర నాకు అంటుకుంది. ఏ వస్తువును చూసినా ఆయన ముందు అడిగేది అదే. "భూమి నుంచి ఎంత?"

క్యాంపులో ఆయన్ని అందరూ మీటర్ కాక అనేవారు. జగిత్యాల వైపు పల్లె. పొట్టి మనిషి, బక్కపలచన, మీసాలు మాత్రం పెద్దవి. నడుముకి బెల్టు ఉన్నా లేకపోయినా కొలతల టేపు మాత్రం ఉండేది. ఏం కొలిచినా ఎడమ అరచేతిలో బాల్‌పెన్నుతో రాసుకునేవాడు. పొద్దున రాసినవి సాయంత్రానికి చెమటకి చెదిరిపోయేవి. ఎవరికైనా నమస్కారం పెడితే అంకెలు కుడిచేతికీ అంటుకునేవి.

ఆయన కొలవని వస్తువు క్యాంపులో లేదు. మంచం పొడవు, బాత్‌రూమ్ దగ్గర క్యూ పొడవు, మెస్‌లో పెట్టే ఖుబ్బూస్ రొట్టె వెడల్పు. ఒకసారి రొట్టె రెండు సెంటీమీటర్లు తగ్గిందని మెస్ వాళ్లతో తగువు పెట్టుకుని, టేపు రొట్టె మీద పరిచి చూపించాడు. మర్నాటి నుంచి రొట్టె మళ్లీ పెద్దదైంది. అది మొదలు వంటవాళ్లు ఆయన ప్లేటు పట్టుకుని వస్తుంటే ముందుగానే అటెన్షన్‌లో నిలబడేవారు.

నాకు ఆయన పరిచయమైంది కూడా కొలత దగ్గరే. మోకాళ్ల నొప్పులని క్లినిక్కి వచ్చాడు. అంతకుముందు చాలా ఏళ్లు టవర్లు ఎక్కి దిగిన మనిషి, మోకాళ్లు అరిగిపోయాయి. రికార్డులో రాయడానికి గోడ మీద అంటించిన స్కేలు దగ్గర నిలబెట్టి ఎత్తు చూశాను. చెప్పాను. ఆయన కదలలేదు.

"సిస్టరమ్మా, నీ గోడ అబద్ధం చెప్తున్నది" అన్నాడు.

"అదేంటండీ బాబాయ్ గారూ?"

"నాకు నా ఎత్తు ఎర్క లేదా? గంత పొట్టోన్ని గాదు నేను. జెర ఆగు." టేపు తీసి గోడ పక్కన వంగాడు. నిజమే. ఆ స్కేలు అంటించినవాళ్లు నేల మీద నుంచి కాకుండా, గోడ అడుగున ఉన్న టైల్ పట్టీ పైనుంచి మొదలుపెట్టారు. క్యాంపులో ఉన్నవాళ్లందరి ఎత్తులూ నా రికార్డుల్లో తక్కువే రాసి ఉన్నాయి. ఆయన నా చేత ఆ స్కేలు పీకించి, తనే మళ్లీ అంటించాడు. వెళ్తూ తలుపు దగ్గర ఆగాడు.

"బాబాయ్ గారు ఏంది బిడ్డా, కలెక్టర్ని పిల్సినట్టు. కాకా అను."

అప్పటినుంచి కాకే.

ఫుట్‌బాల్ ప్రపంచకప్పు కోసం దేశమంతా తవ్వకాలూ క్రేన్లే కనిపించే రోజులవి. మా క్యాంపు దోహా శివార్లలో, ఏషియన్ టౌన్‌కి కాస్త ఇవతల. పొద్దున్నే బస్సులు వరసగా స్టేడియం సైటుకి బయలుదేరేవి. ఆ రోజుల్లోనే మా కంపెనీ వాళ్లు వర్కర్ల కోసం ఒక చిన్న ఎఫ్ఎం రేడియోకి అనుమతి తెచ్చారు. వ్యాపారం లేదు, ప్రకటనలు లేవు. ఎండలో జాగ్రత్తలు, బ్యాంకు పనులు, డ్యూటీ బస్సుల టైములు, నాలుగైదు భాషల్లో కబుర్లు. తెలుగు వంతు అరగంట. మాట్లాడేవాళ్లు ఎవరూ దొరక్క, "మీరు రోజూ పేషెంట్లకి చెప్పేదే మైకులో చెప్పండి సిస్టర్" అని నన్ను కూర్చోబెట్టారు. మిషన్లు చూసుకునే పని, టవర్లు ఎక్కడం మానేసిన కాకకి ఇచ్చారు.

షహానియా వైపు మా కంపెనీకి సామాన్ల యార్డ్ ఉండేది. చుట్టూ ఒంటెల్ని పెంచే తోటలు. వాటిని ఇజ్బాలు అంటారు. క్యాంపులో మాట్లాడింది అంత దూరం వినిపించేది కాదు. అందుకని యార్డ్‌లో ఒక చిన్న రిలే పెట్టడానికి అనుమతి అడిగారు. వచ్చిన కాగితాల్లో దాని పేరు 'ట్రాన్స్‌లేటర్' అని ఉంది. నేను ఎంత సంబరపడ్డానో చెప్పలేను. నేను తెలుగులో మాట్లాడితే ఆ మిషను బెంగాలీలోకీ నేపాలీలోకీ మార్చి చెబుతుందనుకున్నాను. కాకని అడిగాను కూడా.

"కాకా, అరబీలోకి కూడా మారుస్తుందా? నా మాటలు అరబీలో ఎలా ఉంటాయో వినాలని ఉంది."

ఆయన కాసేపు నా మొహం చూశాడు. తర్వాత కుర్చీలో కూర్చుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. ఆ తర్వాత మూడు రోజులు నేను ఎదురుపడినప్పుడల్లా, "సిస్టరమ్మా, సలామ్ అలేకుమ్" అనేవాడు. నాలుగో రోజు జాలిపడి విడమరిచి చెప్పాడు.

"భాష మార్చది బిడ్డా, స్టేషన్ నంబరు మారుస్తది. ఈడ మనం మాట్లాడింది అది ఇంటది. ఇని, ఇంకో నంబరు మీద మల్ల చెప్తది. అంతే దాని పని."

అనుమతి కాగితం నాలుగు పేజీలు. కాక దాన్ని లామినేషన్ చేయించి యార్డ్‌లో రిలే గదిలో వేలాడదీశాడు. చేతికొచ్చిన ప్రతి కాగితాన్నీ లామినేషన్ చేయించడం ఆయనకో పిచ్చి. అందులో ముఖ్యమైనవి రెండే మాటలు. పవర్ పది వాట్లు దాటకూడదు. యాంటెన్నా భూమి నుంచి పన్నెండు మీటర్లు దాటకూడదు. ఎవరైనా అంతకన్నా ఎత్తు కావాలంటే మళ్లీ అడగాలి, ఎత్తు పెరిగినకొద్దీ వాట్లు తగ్గించుకోవాలి.

"ఎందుకలా?" అని అడిగాను. మేమిద్దరం శుక్రవారాలు కంపెనీ వ్యాన్‌లో షహానియా వెళ్లేవాళ్లం. యార్డ్‌లో వాళ్లకి బీపీ, షుగరు చూడ్డానికి నేను, రిలే చూసుకోవడానికి ఆయన.

"కింద నిలవడి ఒర్రితె నీ మాట ఎంత దూరం పోతది? గల్లీ చివరి దాక. మిద్దె ఎక్కి మామూలుగ మాట్లాడినా ఊరంత ఇనొస్తది. అందుకే మిద్దె ఎక్కినోన్ని గొంతు తగ్గించుకోమంటరు."

"వినిపిస్తే మంచిదే కదా కాకా. ఎక్కువమంది వింటారు."

"మన నంబరు మీదనే దూరంగ ఇంకోలు మాట్లాడ్తుంటరు బిడ్డా. మనది గీత దాటితె వాళ్ల మీద పడ్తది. ఆడ గూడ ఒక సిస్టరమ్మ కూసోని చెప్తుంటది గద, నీళ్లు తాగుండ్రి, ఎండల తిరగకుండ్రి అని. ఆమె నోరు ఎందుకు మూస్తవు?"

వ్యాన్‌లో ఉన్నంతసేపూ ఆయన కబుర్లు ఆగేవి కావు. తలెత్తి కిటికీలోంచి స్తంభాలనీ క్రేన్లనీ చూస్తూనే మాట్లాడేవాడు. భార్య గురించి చెప్పేటప్పుడు మాత్రం కళ్లు దించేవాడు. "మా ఆమెకు ఇన్నేండ్ల సంది చెప్తున్న, నేనుండేది ఖతర్ల అని. ఊళ్లె ఎవలడిగినా 'మా ఆయన దుబాయ్‌ల ఉన్నడు' అంటది. ఓసారి కోపానికచ్చి మ్యాప్ పంపిన. మ్యాప్ సూసి ఏమన్నదో తెల్సా? 'గింత చిన్నగున్నదాంట్ల ఎట్లుంటున్నవయ్యా, దుబాయ్ పోరాదు' అన్నది."

యార్డ్‌కి కొంచెం దూరంలో ఉన్న ఒక ఇజ్బాలో మస్తాన్ అని రాయచోటి మనిషి పనిచేసేవాడు. వంట, నీళ్ల ట్యాంకరు, ఒంటెల మేత అన్నీ అతని పనే. అక్కడున్న మిగతావాళ్లు సూడాన్ వాళ్లు, తెలుగు మాట వినిపించేది మా రేడియోలోనే. అరచేతిలో పట్టే రేడియో ఒకటి మెడలో తాడుకి కట్టుకుని తిరిగేవాడు. నన్ను మొదటిసారి చూసినప్పుడు, "అక్కా, నువ్వేనా? నీ గొంతు ఇంటాంటే మా పెద్దక్క తిడతాండట్టే ఉంటాది" అన్నాడు. అంతకన్నా మంచి మెప్పు నాకు ఆ రేడియోలో రాలేదు.

ఇలా సాగుతుండగా, స్టేడియం పనులు చూడ్డానికి పెద్దవాళ్లు వస్తున్నారని, మా క్యాంపూ యార్డూ కూడా చూస్తారని కబురొచ్చింది. క్యాంప్ మేనేజరుకి నిద్ర లేదు. గోడలకి రంగులు, కొత్త పరుపులు, మెస్‌లో కొత్త పళ్లేలు. ఆయనకి ఒక ఆలోచన తట్టింది. పెద్దవాళ్ల కార్లు షహానియా రోడ్డెక్కగానే కారు రేడియోలో మన స్టేషన్ వినిపించాలి. కాకని పిలిచి, రిలే పవర్ పెంచమన్నాడు.

పవర్ సంగతి తేల్చే ముందు కాక తన పద్ధతిలో స్తంభాన్ని కొలిచాడు. అప్పటిదాకా దాన్ని ఆయన కొలవలేదు, అదే ఆయన బాధ. వేరే కాంట్రాక్టరు నిలబెట్టి, పన్నెండు మీటర్లని రాసిచ్చి వెళ్లిపోయాడు. మోకాళ్లకని డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు కదా అని కాక ఆ కాగితాన్నే నమ్మాడు. ఆ శుక్రవారం మాత్రం మెట్లెక్కాడు. నేను బీపీ మిషను పట్టుకుని బయట నిలబడి ఉన్నాను. స్టోరు గది మిద్దె మీంచి ఆయన గొంతు వినిపించింది.

"సిస్టరమ్మా, నీ గోడ లెక్కనే అయ్యింది!"

స్తంభం పన్నెండు మీటర్లే. కానీ దాన్ని మిద్దె మీద నిలబెట్టారు. మిద్దె నాలుగు మీటర్లు. భూమి నుంచి పదహారు.

మర్నాడు మేనేజరు గదికి నన్నూ తోడు తీసుకెళ్లాడు. హిందీలో ఎక్కడైనా తడబడితే అందుకోమని. మేనేజరు అంతా విని, చేతులు రెండూ బల్ల మీద పెట్టాడు. "ఇన్నాళ్లూ ఎవరైనా ఏమైనా అన్నారా?"

"అనలే సార్."

"మరి? ఎవరు కొలుస్తారు దాన్ని?"

"నేను కొలిచిన గద సార్" అన్నాడు కాక.

మేనేజరు నా వైపు చూశాడు, హిందీలో ఏమైనా తప్పు దొర్లిందేమో అన్నట్టు. తప్పేం దొర్లలేదు. "పెద్దవాళ్లు వచ్చి వెళ్లాక తగ్గిద్దాం. అప్పటిదాకా మాట్లాడకు. పవర్ పెంచు" అన్నాడు. కాక తలూపాడు. ఆ తలూపడం ఒప్పుకోవడమని మేనేజరు అనుకున్నాడు. నేను కూడా అలాగే అనుకున్నాను.

తర్వాతి శుక్రవారం యార్డ్‌లో వ్యాన్ దిగగానే కాక, స్తంభాలెక్కి పనిచేసే ఇద్దరు నేపాలీ రిగ్గర్లని వెంటబెట్టుకుని మిద్దెక్కాడు. తను స్తంభం ఎక్కలేదు, దాని మొదట్లో నిలబడి చెయ్యెత్తి దారి చూపించాడు. గంటన్నరలో స్తంభంలోని పై ముక్క విప్పి కిందికి దించారు. ఆ ముక్కని కాక స్వయంగా భుజాన పెట్టుకుని స్టోరులో చేర్చి, సంతకం తీసుకున్నాడు. పవర్ జోలికి పోనే లేదు. "కాకా, నీ ఉద్యోగం..." అన్నాను. "ఉద్యోగం మోకాళ్లతోనే పోయింది బిడ్డా, ఇగ పోయేదేమున్నది" అని నవ్వాడు.

మేనేజరు మెమో ఇచ్చాడు. పై అధికారి మాట కాదని పనిచేసినందుకు వివరణ ఇవ్వాలి, లేదంటే ఇంటికి పంపేస్తాం అని. కాక దాన్ని తీసుకెళ్లి లామినేషన్ చేయించి, రిలే గదిలో అనుమతి కాగితం పక్కన వేలాడదీశాడు.

మెమోకి కాక బెదరలేదు. ఆయన్ని కుదిపింది మస్తాన్.

తర్వాతి శుక్రవారం మస్తాన్ ఎండలో అంత దూరం నడిచొచ్చి, యార్డ్ గేటు దగ్గర నుంచే అరవడం మొదలుపెట్టాడు. "ఎవురయ్యా నా రేడియోని సంపింది? గుర్రుమనే సప్పుడు తప్ప ఏమీ రాలా! అక్క గొంతు యాడికి పోయింది?"

"నేనే తమ్మీ" అన్నాడు కాక.

మస్తాన్ ఆగిపోయాడు. మెడలోంచి రేడియో తీసి కాక చేతిలో పెట్టాడు. "అయితే నువ్వే చెప్పు. నాకు ఈడ ఇంకేముండాది?" అన్నాడు. ఈసారి అరవలేదు.

కాక ఆ రేడియోని చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు తిప్పాడు. యార్డ్‌లో బాగానే వినిపిస్తోంది. మస్తాన్ ఉన్నచోటే రావడం లేదు. "నువ్వు పో తమ్మీ. వచ్చే వారం చెప్త" అన్నాడు. ఏం చెబుతాడో ఆయనకీ తెలియదని మొహం చూస్తే అర్థమైంది. ఆ రోజు తిరుగు ప్రయాణంలో ఆయన కిటికీలోంచి ఒక్క స్తంభాన్ని కూడా చూడలేదు. నేను ఆయన్ని అలా చూసింది ఆ ఒక్కరోజే.

రెండు రోజుల తర్వాత డ్యూటీ మధ్యలో క్లినిక్కి వచ్చాడు. చేతిలో యార్డ్ నుంచి తెచ్చిన లామినేషన్ అనుమతి కాగితం.

"సిస్టరమ్మా, నాకు ఇంగ్లీషు అక్కరాలు వస్తయి గని అర్థం తెల్వది. ఇందుల ఇనేటోని గురించి ఏమన్న రాసున్నదా, సూడు."

నాలుగు పేజీలూ చదివాను. ప్రసారం చేసే యాంటెన్నా, ప్రసారం చేసే పవర్, ప్రసారం చేసే నంబరు. వినేవాడి మాట ఎక్కడా లేదు.

"లేదు కాకా."

"మల్ల సూడు."

మళ్లీ చదివాను. ఈసారి అడుగున ఉన్న చిన్న అక్షరాలు కూడా. లేదు.

ఆయన కుర్చీలోంచి లేచాడు. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి లేచినట్టు లేవలేదు. "అయితే చెప్పేటోని ఎత్తుకే లిమిటు. ఇనేటోని ఎత్తుకు లిమిటు లేదు!" అన్నాడు. క్యూలో కూర్చున్న పేషెంట్లకి ఏమీ అర్థం కాకపోయినా, ఆ మొహం చూసి వాళ్లు కూడా నవ్వారు.

ఆ శుక్రవారం మా వ్యాన్ వెనక భాగమంతా తుక్కు సామాను. స్టోరు వాళ్ల దగ్గర గేట్ పాస్ రాయించుకుని తెచ్చిన పాత పైపులు, మిగిలిపోయిన రాగి తీగ, నట్లు, బోల్టులు. మస్తాన్ ఉండే ఇజ్బాలో కాక మేత షెడ్డు స్తంభానికి పైపు కట్టి పైకి లేపి, అడుగున నాలుగు నట్లు బిగించాడు. పైపు చివర అడ్డంగా రాగి తీగ. "డెబ్బై అయిదు సెంటీమీటర్లు ఇటు, డెబ్బై అయిదు అటు" అంటూ కొలిచి కత్తిరించాడు. అక్కడినుంచి ఒక తీగ కిందికి దించి, మస్తాన్ రేడియో ఏరియల్ పుల్లకి క్లిప్పు పెట్టాడు. సూడాన్ వాళ్లు నలుగురూ పని మానేసి చుట్టూ చేరారు. ఒంటెలు కూడా.

మొదట గుర్రుమనే చప్పుడే వచ్చింది. కాక పైపు పట్టుకుని కొంచెం తూర్పుకి తిప్పాడు. మళ్లీ కొంచెం. చప్పుడు పలచబడింది. ఇంకొంచెం తిప్పేసరికి ఒక ఆడగొంతు, తప్పు చేసిన పిల్లల్ని కేకలేసినట్టు, "దాహం వేసేదాకా ఆగొద్దు, ముందే తాగాలి, ఎన్నిసార్లు చెప్పాలి?" అంది. నేనే. వారం మధ్యలో రికార్డు చేసింది శుక్రవారం పొద్దున మళ్లీ వేస్తారు. నా గొంతు నేను అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. మస్తాన్ ఎగిరి కాకని కౌగిలించుకుని, ఆ ఊపులోనే వెళ్లి ఒంటె మెడని కూడా కౌగిలించుకున్నాడు. అది అతని రుమాలు లాక్కుంది.

ఆ కిందికి దించిన తీగని అదే ఒంటె రెండు రోజుల్లో నమిలేసింది. కాక మళ్లీ వెళ్లి, ఒంటె మెడ చాపితే ఎంత ఎత్తు అందుకుంటుందో కొలిచి, అరచేతిలో రాసుకుని, తీగని అంతకన్నా ఎత్తు నుంచి దించాడు. ఆ నెలలో చుట్టుపక్కల ఇంకో మూడు ఇజ్బాల వాళ్లు అడిగి పెట్టించుకున్నారు. వాళ్లలో బెంగాలీలు, నేపాలీలు ఉన్నారు. వాళ్ల వంతులు కూడా మా రేడియోలో ఉన్నాయి కదా.

పెద్దవాళ్లు రావడానికి ముందు వారం, రేడియో అనుమతులిచ్చే ఆఫీసు నుంచి ఒక ఇంజినీరు తనిఖీకి వస్తున్నాడని ఫోనొచ్చింది. కార్యక్రమం చెప్పే నర్సు కూడా తెల్లకోటుతో కనబడితే బాగుంటుందని మేనేజరు నన్నూ యార్డ్‌కి రమ్మన్నాడు. మేం వెళ్లేసరికి మేనేజరు రిలే గదిలో గోడ మీది మెమోని పీకి, చింపడానికి తంటాలు పడుతున్నాడు. లామినేషన్ కాగితం చిరగదు. మెలిపెట్టాడు, పళ్లతో కొరికాడు. చివరికి మడిచి చొక్కా లోపల దాచుకున్నాడు. కాక ఇవేవీ చూడనట్టు మిషను మీది దుమ్ము తుడుస్తున్నాడు.

ఇంజినీరు పెద్దవయసు ఖతరీ. తెల్లటి దుస్తులు, కాళ్లకి చెప్పులు, చేతిలో ఎర్రటి దీపం కొట్టే కొలత యంత్రం. పవర్ చూశాడు, బాగుందన్నాడు. యంత్రాన్ని స్తంభం వైపు పెట్టాడు. అది అంకె చూపించేలోపే కాక తన అరచెయ్యి చూసుకుని ఇంగ్లీషులో చెప్పాడు. "లెవెన్ మీటర్, నైంటీ సిక్స్."

యంత్రం కూడా అదే చూపించింది. ఇంజినీరు అంకెని చూశాడు, కాక అరచేతిని చూశాడు. నాలుగు సెంటీమీటర్లు ఎందుకు వదిలావని అడిగాడు. కాక నాతో అన్నాడు, "చెప్పు బిడ్డా. ఇనుము ఎండకు జెరంత సాగుతది. మిగిలింది నా భయానికి." నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆయన గడ్డం నిమురుకున్నాడు.

తర్వాత బయట ఇజ్బాల వైపు చెయ్యి చూపించాడు. షెడ్ల మీద పైపులు, పైపుల మీద తీగలు. గొంతు మారింది. "అవేమిటి? ఇంకో నాలుగు స్టేషన్లా?"

కాక ఈసారి నా సాయం అడగలేదు. తనకొచ్చిన అరబీలో, చేతులు రెండూ అడ్డంగా ఊపుతూ, "లా, లా, ముదీర్! హాదా మాఫీ కలామ్. ఇస్మా, బస్!" అన్నాడు. ఇవి మాట్లాడవు సారూ, వింటాయి, అంతే.

పెద్దాయనకి నవ్వాగలేదు. స్టోరు ముందు నీడలో కూర్చుని కరక్ చాయ్ తెప్పించుకున్నాడు. నవ్వు తగ్గాక మామూలుగా అడిగాడు. "ఈ స్తంభం మొదటి నుంచీ ఇంతే ఎత్తా?"

మేనేజరు కాక వైపు చూశాడు. బతిమాలుతున్న చూపు.

"కాదు ముదీర్" అన్నాడు కాక. "సిక్స్‌టీన్. మిద్దె లెక్క మర్చిపోయినం. నేను తగ్గించిన." అని ఏ శుక్రవారం తగ్గించాడో అదీ చెప్పాడు.

ఇంజినీరు ఫైల్లోంచి ఒక కాగితం తీసి మేనేజరు ముందు పెట్టాడు. నేను కూడా చూశాను. రిలే మూసేయమని ఉత్తర్వు. సంతకం ఉంది, స్టాంపు ఉంది. తారీఖు వేయాల్సిన చోటు మాత్రం ఖాళీ. పడమటి ఒడ్డున చేపల పడవలకి గాలి, అలల సంగతి చెప్పే చిన్న స్టేషన్ ఒకటి ఉందట. గాలిలో తేమ పెరిగిన రోజుల్లో దాని మీద ఎవరో ఆడమనిషి అర్థం కాని భాషలో కోప్పడుతోందని పడవల వాళ్లు ఫిర్యాదు చేశారట. ఈయన ఆఫీసు వాళ్లు మా స్తంభాన్ని రోడ్డు మీద నుంచి ఎప్పుడో కొలిచి, రాసి పెట్టుకున్నారు. "కొన్ని వారాలుగా ఆ గొంతు రావడం లేదన్నారు. పెద్దవాళ్లు వచ్చి వెళ్లేదాకా తగ్గించి, మీరు మళ్లీ పెంచుతారనుకున్నాను. ఇవాళ అబద్ధం చెబితే తారీఖు వేసి వెళ్దామని వచ్చాను" అన్నాడు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఊగుతున్న బల్ల కాలు కింద పెట్టాడు. చాయ్ గ్లాసు నిలకడగా నిలబడింది.

వెళ్తూ నా వైపు తిరిగి, "ఆ కోప్పడే గొంతు మీదేనా సిస్టర్?" అని అడిగాడు. ఒప్పుకున్నాను.

పెద్దవాళ్లు వచ్చారు, చూశారు, వెళ్లారు. కార్లలో మా రేడియో విన్నారో లేదో ఎవరూ చెప్పలేదు. మేనేజరు మెమో సంగతి మళ్లీ ఎత్తలేదు. కాకపోతే ఒకరోజు క్యాంపులో కొత్త నీళ్ల ట్యాంకు పెడుతుంటే కాంట్రాక్టరుతో ఆయన, "మీటర్ కాకని పిలిచి కొలిపించు, తర్వాతే డబ్బులు" అనడం నేను విన్నాను.

మ్యాచ్‌లు మొదలవ్వకముందే కాక ఇంటికి వెళ్లిపోయాడు. మోకాళ్లు ఇక సాగనివ్వలేదు. ఇక తిరిగి రానక్కర్లేకుండా పాస్‌పోర్టు మీద ఫైనల్ ఎగ్జిట్ స్టాంపు పడింది. వెళ్లే ముందురోజు సాయంత్రం ఆయన్ని పట్టుబట్టి మైకు ముందు కూర్చోబెట్టాను. ఎప్పుడూ నోరు మూయని మనిషి, ఎర్ర బల్బు వెలిగేసరికి బిగుసుకుపోయాడు. టేపు తీసి మైకుకీ నోటికీ మధ్య ఎంతుందో చూసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. నేను సైగ చేశాను. ఇరవై ఏళ్ల కథ చెబుతాడని, కనీసం ఒక్క వీడ్కోలు మాటైనా అంటాడని ఎదురుచూశాను.

"ఇనేటోళ్లందరికి నమస్తె" అన్నాడు. "గాలి దుమారాలు వస్తున్నయి. పైపు అడుగున నాలుగు నట్లుంటయి. పోయి బిగించుకోండ్రి. అంతే."

లేచి వెళ్లిపోయాడు. మిగతా ఇరవై ఎనిమిది నిమిషాలూ నేను నింపుకోవాల్సి వచ్చింది.

ఆ శుక్రవారం వ్యాన్‌లో ఒక్కదాన్నే షహానియా వెళ్లాను. మస్తాన్ ఇజ్బా గేటు దగ్గరే స్పానర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఆయప్ప చెప్తానే పోయి బిగించినా అక్కా. మిగతా తోటలోళ్లకీ నేనే పోయి చెప్పినా, వాళ్లూ బిగించినారు."

"మంచిపని చేశావు."

"అది కాదక్కా." మస్తాన్ నన్ను షెడ్డు స్తంభం దగ్గరికి తీసుకెళ్లి, కూర్చుని, అడుగున చూపించాడు. "మూడు బిగుతుగానే ఉండె. ఈ నాలుగోది నిజంగానే వదులైపోయింది. ఇంకో దుమారమొస్తే పైపు ఒంటెల మీద పడిపొయ్యేది. అంత దూరం దోహాలో కూసోని, ఆయప్పకి ఎట్లా తెలిసిందక్కా?"

నాకూ తెలియదు. ఇద్దరం తలెత్తి పైపు వైపు చూశాం.